బ్లాగుకి పాఠకులు తగ్గారా? ముందు ఫీడు తెరిచి చూడండి

"జనం చదవడం మానేశారు, అందరూ వీడియోల్లో పడ్డారు" అని చివరి టపా రాసి బ్లాగుకి తాళం వేసేవాళ్ళని చూసీ చూసీ విసుగొచ్చింది. అలవాట్లు మారాయి, కాదనను. కానీ అలవాట్లు మారినప్పుడు రాకపోకలు నెలనెలా కొంచెంగా సన్నగిల్లుతాయి. ఫలానా వారం నుంచి ఉన్నట్టుండి పడిపోయాయంటే ఎక్కడో ఏదో తెగిందన్నమాట. గణాంకాల పేజీలో గీత ఎలా దిగిందో చూడటం మొదటి పని. అదొక్కటీ ఎవరూ చూడరు.

సెర్చ్ నుంచి ఒక్కరూ రావడం లేదు

వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ పేజీ తెరవండి. సెర్చ్ ఇంజన్లను రావద్దనే గడి అక్కడే ఉంటుంది. బ్లాగరులో (అంటే బ్లాగ్‌స్పాట్‌లో) ప్రైవసీ కింద ఉంటుంది. థీమ్ మార్చేటప్పుడు "పని అయ్యేదాకా" అని మూసి, తర్వాత మర్చిపోతారు. సరిచేశాక పేజీ సోర్సులో నోఇండెక్స్ (noindex) అన్న మాట, అంటే ఈ పేజీని సెర్చ్‌లో చూపొద్దనే సూచన, ఇంకా మిగిలిందేమో వెతకండి. తిరిగి కనబడటానికి కొన్నాళ్ళు పడుతుంది, కంగారు వద్దు.

ఎప్పుడూ చదివే పాతవాళ్ళు కూడా మాయం

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

పాత పాఠకుల్లో చాలామంది మీ చిరునామా టైపు చేసి రారు, ఫీడు రీడరు ద్వారా వస్తారు. ఫీడు అంటే మీ కొత్త టపాల జాబితా ఉండే ఫైలు, దాన్ని తెచ్చి పాఠకుడికి చూపించే యాప్ రీడరు. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడటంతో ఫీడ్ల కథ ముగిసిందనుకోకండి. ఫీడ్లీ, ఇనోరీడర్, నెట్‌న్యూస్‌వైర్ నడుస్తూనే ఉన్నాయి. ఫీడు చెడిపోతే మీకెవరూ చెప్పరు. పాఠకుడి రీడరులో పాత టపాలు అలాగే ఉంటాయి, కొత్తవి రావు. మీరు రాయడం మానేశారని అతను అనుకుంటాడు, అతను చదవడం మానేశాడని మీరు అనుకుంటారు. బ్లాగు మాత్రం బ్రౌజరులో శుభ్రంగా తెరుచుకుంటూ ఉంటుంది కాబట్టి అనుమానమే రాదు.

బ్లాగు చిరునామా చివర స్లాష్ పెట్టి ఫీడ్ అని చేర్చండి (/feed). ఇది వర్డ్‌ప్రెస్‌కి. బ్లాగరుకైతే ఫీడ్స్, పోస్ట్స్, డీఫాల్ట్ అనే మూడు మాటలు స్లాషులతో చేర్చాలి (/feeds/posts/default). మీ తాజా టపా అందులో కనబడాలి. కనబడలేదా?

బ్లాగరులో అయితే సెట్టింగ్స్‌లో పోస్ట్ ఫీడ్ రీడైరెక్ట్ అనే గడి చూడండి, ఫీడుని వేరే చిరునామాకి మళ్ళించేది అదే. ఫీడ్లని పంచిపెట్టే గూగుల్ సేవ ఫీడ్‌బర్నర్ వైభవం నడిచిన రోజుల్లో అందరూ దాని చిరునామా అక్కడ పెట్టారు. తర్వాత ఆ ఖాతా తీసేసినా గడి ఖాళీ చేయలేదు. దాంతో పాఠకుల రీడర్లు ఇప్పుడు ఉనికిలో లేని చిరునామాకి వెళ్తున్నాయి. గడి ఖాళీ చేస్తే చాలు. ఫీడ్‌బర్నర్ ఈమెయిలు చందాలైతే 2021లోనే ఆగిపోయాయి, ఆ చందాదారుల కోసం వేరే మెయిలు సేవ చూసుకోవాలి.

వర్డ్‌ప్రెస్‌లో దొంగ మరొకడు: ఖాళీ వరుస. ఫీడు ఎక్స్ఎమ్ఎల్ డిక్లరేషన్‌తోనే, అంటే <?xml అనే తొలి వరుసతోనే మొదలవ్వాలి, దాని ముందు ఒక్క ఖాళీ ఉన్నా చెల్లదు. థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైలులో (functions.php) పీహెచ్‌పీ కోడు మొదలయ్యే ట్యాగుకి ముందో, ముగింపు ట్యాగు తర్వాతో ఖాళీ వరుసలు ఉంటే అవి ఫీడు నెత్తినెక్కి కూర్చుంటాయి. మామూలు పేజీలకి ఆ ఖాళీ లెక్కలోకి రాదు, ఫీడు మాత్రం చచ్చిపోతుంది. కాసేపు డీఫాల్ట్ థీమ్‌కి మారండి. ఫీడు బాగుపడితే తప్పు మీ థీమ్‌ది. లేకపోతే ప్లగిన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ రండి. ఫైలు చివర ముగింపు ట్యాగు అసలు లేకపోయినా పీహెచ్‌పీకి ఇబ్బంది లేదు, తీసేయడమే మేలు.

ఇల్లు మారినవాళ్ళు, అంటే బ్లాగ్‌స్పాట్ వదిలి సొంత డొమైన్‌కి వెళ్ళినవాళ్ళు, పాత ఫీడు నుంచి కొత్త ఫీడుకి దారి వేయాలి. పైన తిట్టిన రీడైరెక్ట్ గడి నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

సరిచేశాక మీ బ్లాగుకి మీరే ఒక రీడరులో చందా కట్టుకోండి. ఆ రోజు నుంచి ఫీడు చస్తే ముందు మీకే తెలుస్తుంది. చాలాకాలం తప్పులిచ్చిన ఫీడుని కొన్ని రీడర్లు అరుదుగా తడతాయి, కాబట్టి పాతవాళ్ళకి టపాలు ఆలస్యంగా చేరవచ్చు.

వ్యాఖ్యలు రావడం లేదు

స్పామ్ డబ్బా తెరిచి చూడండి, సగం అక్కడే ఉంటాయి. లాగిన్ అడగడం మానేయండి. ఆ మీదట రాకపోతే అది నిజంగా మారిన అలవాటే. టపా చదివి వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నారు. టపా కింద మీ ఈమెయిలు పెట్టండి, కొందరు రాస్తారు.

సర్టిఫికెట్ గడువు, డొమైన్ గడువు, సర్వరు మొరాయించడం లాంటివి తమంతట తామే గోల చేస్తాయి, వాటికి నేను చెప్పక్కర్లేదు.

అన్నీ బాగున్నాయి, గీత మెల్లగా దిగుతూనే ఉంది

ఇప్పుడు అనండి అలవాట్లని. చాలా బ్రౌజర్లు ఫీడు గుర్తు చూపించడం మానేశాయి, ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబరులో ఫీడు చూపే సదుపాయమే తీసేసింది. కాబట్టి ఫీడు లింకు, మెయిలు చందా పెట్టె పేజీలో కంటికి కనబడే చోట మీరే పెట్టాలి, సైడ్‌బారు అడుగున కాదు. ఫోనులో సైడ్‌బారు చాలాసార్లు టపా కిందకి జారిపోతుంది. ప్రతి టపా చివరా పెడితే సరి.