అడవిలో సీతాకోకచిలుకనీ జీరంగినీ పోల్చి చూడటం ఎలా?

వానలు మొదలయ్యాక నల్లమల అంచుల్లోనో, ఊరి బయట తుమ్మచెట్లున్న చిట్టడవిలోనో వెతకండి. సీతాకోకచిలుకల్లో కామన్ క్రోని ఎంచుకోండి. ముదురు గోధుమరంగు రెక్కలు, అంచుల వెంట తెల్లచుక్కలు. నింపాదిగా ఎగురుతుంది కాబట్టి కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. జీరంగి అనే పెంకుపురుగు తుమ్మాకు మేస్తూ కనబడుతుంది. కొన్ని ఒళ్లంతా పచ్చగా మెరుస్తాయి, కొన్నిటికి మెడ పచ్చన, వీపు ఎర్రటి గోధుమరంగు.

1. ముందు రెక్కలు చూడండి, రంగు సంగతి తర్వాత. సీతాకోకచిలుకకి నాలుగు రెక్కలూ పైకే కనబడతాయి, వాటినిండా పొడిలాంటి సన్నటి పొలుసులు. జీరంగి వీపు మీద గట్టిగా, సన్నటి గుంటలతో ఉన్నవి కూడా రెక్కలే! అవి ముందు జత. ఎగరడానికి పనికొచ్చే పల్చటి జత వాటి కింద మడతపెట్టి ఉంటుంది. అది ఎగరబోయే క్షణం కోసం ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండండి. పై జత విడివడి, లోపలి జత విచ్చుకోవడం చూస్తే తేడా ఇక జన్మలో మర్చిపోరు.

2. తర్వాత నోరు. ఒకటి చుట్ట చుట్టుకున్న గొట్టంతో పూలతేనె పీలుస్తుంది, రెండోది దవడలతో ఆకు కొరుకుతుంది. కొమ్మ మీద జీరంగి కనబడకపోతే కొరికిన ఆకుల్ని బట్టి వెతకొచ్చు.

3. మీసాలు: సీతాకోకచిలుకవి కొసన లావు, జీరంగివి అంచున పళ్లతో ఉంటాయి.

4. పిల్లదశ. గుడ్డు, పిల్లపురుగు, ప్యూపా (తిండి మానేసి లోపల రూపం మార్చుకునే దశ), పెద్ద పురుగు అనే నాలుగు దశలూ రెండింటికీ ఉన్నాయి. జీరంగి పిల్లపురుగు మట్టిలో వేర్లు తింటూ పెరుగుతుంది, మన కంట పడదు. కామన్ క్రో పిల్లపురుగు గన్నేరు, మర్రి లాంటి పాలుకారే చెట్ల ఆకులు తింటుంది. ఆ ఆకుల కిందివైపు వెతికితే వేలాడుతూ వెండిరంగులో మెరిసే ప్యూపా దొరకొచ్చు.

5. ఇప్పుడు రంగు. ఆ ప్యూపా మెరుపూ, జీరంగి పచ్చదనమూ రంగుపదార్థం వల్ల వచ్చినవి కావు. పైపెంకులోని అతి పల్చటి పొరల మీద వెలుతురు పడి తిరిగొచ్చే తీరే అది. కాస్త పక్కకి జరిగి ఇంకో కోణంలో చూడండి, ఛాయ మారుతుంది. జీరంగి చచ్చినా దాని రంగు వెలిసిపోదు కాబట్టే మన దేశంలో ఒకప్పుడు ఈ రెక్కల్ని ఖరీదైన బట్టల మీద కుట్టేవాళ్లు.

ఫొటోలు ఎన్నయినా తీసుకోండి. పిల్లలు వెంట ఉంటే మాత్రం జీరంగి కాలికి దారం కట్టడం, అగ్గిపెట్టెలో దాచడం వద్దని చెప్పండి. పెద్దయ్యాక అది బతికేది కొద్ది వారాలే, ఆలోపే జతకట్టి గుడ్లు పెట్టాలి.