సైనిక కుటుంబంలో విడాకులు: పిటిషన్ వేయకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు పల్లెల్లోనూ, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, ఆత్మకూరు, కావలి వైపునా కొడుకునో అల్లుడినో సైన్యానికి పంపిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో భార్యాభర్తలు విడిపోవాలని నిర్ణయించుకున్నప్పుడు ముందుగా వకీలును వెతుకుతారు. సైనికుల సర్వీసు, కుటుంబ వివరాలు ఉంచే రెజిమెంటు రికార్డు ఆఫీసు సంగతి అంతా అయిపోయాక గుర్తుకు వస్తుంది. ఈ వరుసే చాలా నష్టాలకు మూలం. సైనిక కుటుంబానికి విడాకులు కోర్టులో ఒకసారి, సైన్యం రికార్డుల్లో మరొకసారి జరుగుతాయి. కోర్టు డిక్రీ ఇచ్చిన తర్వాత భార్యకు కుటుంబ పెన్షన్ మీద హక్కు, సైనిక వైద్యం, క్యాంటీన్ కార్డు అన్నీ పోతాయి. ఆ తర్వాత సరిదిద్దుకోగలిగినవి చాలా తక్కువ. అందువల్ల చూసుకోవలసినదంతా పిటిషన్ మీద సంతకం పెట్టకముందే చూసుకోవాలి.

మొదటి జాగ్రత్త పెద్దమనుషుల పంచాయితీ విషయంలో. రెండు వైపుల పెద్దలూ కూర్చుని, ఇచ్చిపుచ్చుకోవలసినవి తేల్చి, స్టాంపు కాగితం మీద ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదని రాయించి సంతకాలు పెట్టించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. గొడవ చల్లారడానికి ఆ కూర్చోవడం ఉపయోగపడవచ్చు గాని, ఆ కాగితం విడాకులు కాదు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను 1955 నాటి హిందూ వివాహ చట్టం పూర్తిగా తోసిపుచ్చలేదన్న మాట నిజమే. అయితే అలాంటి ఆచారం తమలో అనాదిగా ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి, రికార్డు ఆఫీసు అడిగేది కోర్టు డిక్రీ నకలునే. స్టాంపు కాగితాన్ని నమ్మి సైనికుడు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద అది నేరం, ఉద్యోగానికీ ముప్పు. ఆయన పోయాక రెండో ఆమెకు కుటుంబ పెన్షన్ రాదు. మొదటి ఆమె తాను ఎన్నో ఏళ్ల క్రితమే విడిపోయానని అనుకుంటున్నా, చట్టం దృష్టిలో భార్యగానే మిగిలి ఉంటుంది. ఇద్దరు స్త్రీలను ఒకేసారి దిక్కులేని స్థితిలో పడవేసే ఈ కాగితం రాయించడానికి ఏ పెద్దమనిషీ ముందుకు రాకూడదు.

తర్వాత కాగితాలు. భార్య దగ్గర భర్త ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, రికార్డు ఆఫీసు చిరునామా రాసి ఉండాలి. యూనిట్ నేడు ఒకచోట, రేపు మరోచోట ఉంటుంది. '56 ఏపీఓ' అన్న సైనిక తపాలా చిరునామా చూసి మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. యూనిట్ ఎక్కడికి వెళ్లినా ఆర్మీ నంబరు మారదు. పెళ్లి, పిల్లల పుట్టుక వంటివన్నీ యూనిట్ నుంచి పార్ట్ టూ ఆర్డరు అనే అధికారిక ప్రకటనగా వెలువడి రికార్డులకు ఎక్కుతాయి. బిడ్డ పుట్టుక అలా ఎక్కిందా, అందులోని పేరు, పుట్టిన తేదీ జనన ధ్రువపత్రంతోనూ ఆధార్‌తోనూ సరిపోయాయా అన్నది, దంపతులు ఇంకా ఒకరితో ఒకరు మాట్లాడుకునే దశలోనే సరిచూసుకోవాలి. మాటలు ఆగిపోయాక తండ్రి దరఖాస్తు పెట్టించి ఆ తప్పు దిద్దించడం ఎంత కష్టమో అనుభవించిన తల్లులకు తెలుసు.

బిడ్డ పేరు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. విడాకులతో తెగేది భార్యాభర్తల బంధమే గాని బిడ్డకూ తండ్రికీ ఉన్న బంధం కాదు. పెన్షన్ నిబంధనల ప్రకారం, సైనికుడు మరో పెళ్లి చేసుకుని మరణించినప్పుడు ఆయన భార్యకు కుటుంబ పెన్షన్ వస్తుంది; కాని విడాకులు పొందిన మొదటి భార్యకు అర్హత గల బిడ్డ ఉంటే, తల్లి విడిపోకుండా ఉంటే ఆమెకు ఎంత వాటా వచ్చేదో అంత వాటా ఆ బిడ్డకు రావాలి. సాధారణంగా బిడ్డకు 25 ఏళ్లు నిండేదాకా, లేదా పెళ్లి అయ్యేదాకా, లేదా సంపాదన మొదలయ్యేదాకా ఈ అర్హత ఉంటుంది. వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకైతే జీవితాంతం. రికార్డుల్లో పేరే లేని బిడ్డ ఈ వాటా అడగాలంటే ముందు తాను ఆ తండ్రి బిడ్డనని నిరూపించుకోవలసి వస్తుంది. భర్త మీద కోపంతో పిల్లలకు ఏమీ అక్కరలేదని ఒప్పందంలో రాసి ఇచ్చే తల్లులున్నారు. బిడ్డ హక్కును వదులుకునే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు. అలాంటి వాక్యం ముసాయిదాలో కనిపిస్తే తీసివేయించాలి.

అమెరికాలో స్థిరపడిన బంధువులున్న ఇళ్లలో సైనికుడి పెన్షన్‌లో భార్యకు సగం వస్తుందన్న అపోహ వినిపిస్తుంది. అక్కడ 1982లో వచ్చిన చట్టం సైనికుడి రిటైర్మెంటు జీతాన్ని ఉమ్మడి ఆస్తిగా పంచే అధికారాన్ని రాష్ట్రాల కోర్టులకు ఇచ్చింది. వివాహమూ సర్వీసూ కనీసం పదేళ్లు కలిసి సాగి ఉంటే, మాజీ భార్య వాటాను జీతాల శాఖే నేరుగా పంపుతుంది. మన దేశంలో ఇలాంటి పంపకం లేదు. ఇక్కడ సైనికుడి పెన్షన్‌లో భార్యకు ఆస్తిగా సగం రాదు. ఆమెకు వచ్చేది మనోవర్తి, లేదా ఒకేసారి ఇచ్చే శాశ్వత భరణం. పెన్షన్‌ను జప్తు చేయకూడదని 1871 నాటి పెన్షన్ల చట్టం చెబుతున్నా, భార్య మనోవర్తి విషయంలో ఆ రక్షణ అడ్డు రాదని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది.

కేసు నడిచే కాలంలో తిండి, అద్దె, పిల్లల ఫీజులు ఎలా గడుస్తాయన్నది భార్య ముందుగా ఆలోచించవలసిన విషయం. దీనికి రెండు దారులున్నాయి. భర్త యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు ఆమె నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1950 నాటి సైనిక చట్టంలోని 90, 91 సెక్షన్ల కింద భర్త జీతం నుంచి కోత పెట్టి భార్యాబిడ్డల పోషణకు పంపే అధికారం సైన్యానికి ఉంది. సైనిక ఆదేశాల ప్రకారం భార్యకు జీతభత్యాల్లో 22 శాతం వరకు, ఒక్కో బిడ్డకు 5.5 శాతం వరకు, అంతా కలిపి 33 శాతం మించకుండా ఇది ఉంటుంది. భర్తకు నోటీసిచ్చి జవాబు తీసుకున్నాకే ఉత్తర్వు వస్తుంది కాబట్టి, పెళ్లి రుజువులు, పిల్లల ధ్రువపత్రాలు, విడిగా ఉండవలసి రావడానికి కారణాలు మొదటి దరఖాస్తులోనే జతచేయాలి. రెండో దారి కోర్టు: హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, లేదా భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మనోవర్తి. 2020లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి, మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలి. ఒకచోట వస్తున్న మొత్తాన్ని రెండోచోట దాచిపెట్టకూడదు. సైనిక చట్టం 28వ సెక్షన్ వల్ల సివిల్ కోర్టు సైనికుడి జీతాన్ని నేరుగా జప్తు చేయలేదు కాబట్టి, కోర్టు ఉత్తర్వు నకలును యూనిట్‌కూ రికార్డు ఆఫీసుకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు భద్రపరచుకోవాలి.

మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఒంగోలు, నెల్లూరుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలను అడగవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. సైనిక కుటుంబాల కోసమే 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన కూడా మొదలైంది. దాని వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి.

పరస్పర అంగీకారంతో విడిపోయేవారు మొత్తాన్ని ఒప్పుకునే ముందు భర్త రిటైర్మెంటు ఎప్పుడో తప్పక చూసుకోవాలి. డిశ్చార్జి సమయంలో గ్రాట్యుటీ, పెన్షన్‌లో సగం వరకు కమ్యూట్ చేసుకుంటే (నెలనెలా రావలసినదాన్ని ముందే ఒకేసారి తీసుకుంటే) వచ్చే మొత్తం, ప్రావిడెంట్ ఫండ్, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ నిధి సొమ్ము దాదాపు ఒకేసారి చేతికందుతాయి. నెలజీతం మాత్రమే చూసి ఖరారు చేసిన భరణం భార్యకు అన్యాయం కావచ్చు. అలాగే ఇంకా చేతికి రాని సొమ్మును ఇప్పుడే చెల్లిస్తానని మాటిచ్చిన భర్త అప్పుల్లో పడవచ్చు. ఏ సొమ్ము ఎప్పుడు వస్తుందో, అందులో నుంచి ఎంత, ఏ తేదీకి చెల్లించాలో ఒప్పందంలో విడివిడిగా రాసుకోవాలి. కోర్టులో మొదటి మోషన్‌కూ (ఉమ్మడి పిటిషన్ వేయడం) రెండో మోషన్‌కూ (దాన్ని మళ్లీ ధ్రువీకరించడం) మధ్య ఆరు నెలలు ఆగాలి, పద్దెనిమిది నెలలు దాటకూడదు. సంక్రాంతి సెలవులో మొదటిది వేసినవారు జూలై తర్వాత మళ్లీ సెలవు దొరుకుతుందో లేదో ముందే యూనిట్‌లో మాట్లాడుకోవాలి. ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, అది తప్పనిసరిగా దొరుకుతుందని నమ్ముకుని ప్రణాళిక వేసుకోకూడదు.

సైనికుడి వైపు పెద్ద ప్రమాదం ఎక్స్‌పార్టీ డిక్రీ. సరిహద్దులో ఉన్నవాడు సమన్లు అందినా సెలవు దొరకలేదని ఊరుకుంటే, ఆయన లేకుండానే కేసు తేలిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 28వ ఆర్డరు ప్రకారం సెలవు దొరకని సైనికుడు తన తరఫున తండ్రినో సోదరుడినో కేసు నడపడానికి లిఖితపూర్వకంగా నియమించవచ్చు. సెలవు మీద వచ్చినవాడు యూనిట్ ఇచ్చిన ధ్రువపత్రం చూపితే, వీలైనంతవరకు ఆ సెలవులోపే విచారణ జరపాలని సైనిక చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. ఈ ధ్రువపత్రం తెచ్చుకోకుండా ఊరికి వచ్చి వాయిదాలతో సెలవంతా పోగొట్టుకోవడం నిజంగా బాధాకరం. యుద్ధ పరిస్థితుల్లో ఉన్నవారికి 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం అదనపు రక్షణ ఇస్తుంది. ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చినట్లు తెలిసిన వెంటనే కదలాలి. దాన్ని రద్దు చేయించే దరఖాస్తుకు 30 రోజులే గడువు.

డిక్రీ వచ్చాక అప్పీలు గడువు 90 రోజులు ముగియకుండా ఎవరూ మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. డిక్రీని పార్ట్ టూ ఆర్డరుగా ఎక్కించి, గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండ్, బ్యాంకు ఖాతాల నామినేషన్లను ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. ఒకదాన్ని మారిస్తే మిగతావి వాటంతట అవే మారవు. పెన్షనర్లయితే స్పర్శ్ అనే రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థలో వైవాహిక స్థితిని సవరించుకోవాలి. మరో పెళ్లి చేసుకున్నవారు కొత్త భార్య పేరు రికార్డుల్లోకి ఎక్కేదాకా వదలకూడదు.

మాజీ సైనికుల ఇళ్లలో తల్లిదండ్రులు గమనించవలసినది మరొకటి ఉంది. భర్తతో పొసగక పుట్టింటికి వచ్చిన కూతురు, కేసు వేస్తే పరువు పోతుందని ఏళ్ల తరబడి విడాకులు కోరకుండా ఉండిపోతుంది. తల్లిదండ్రుల తర్వాత విడాకులు పొందిన కూతురికి కుటుంబ పెన్షన్ రావాలంటే, డిక్రీ తర్వాత వచ్చినా సరే, కోర్టులో పిటిషన్ మాత్రం తల్లిదండ్రుల్లో ఒకరైనా జీవించి ఉండగానే దాఖలై ఉండాలని 2017 నాటి ఉత్తర్వు చెబుతోంది. ఆమె సొంత ఆదాయం కూడా నిర్ణీత పరిమితి దాటకూడదు. కూతురు ఇక ఆ ఇంటికి తిరిగి వెళ్లదని తేలిపోయిన కుటుంబాలు తండ్రి ఆరోగ్యంగా ఉండగానే పిటిషన్ వేయించి, దాఖలు తేదీ, కేసు నంబరు ఉన్న నకలును ఆయన పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), డిశ్చార్జ్ బుక్‌తో కలిపి భద్రపరచాలి.