చివరి టిచ్ బటన్ అందకపోతే: ఓపెన్ స్పోర్ట్స్ కారు డిక్కీ కవరు సమస్యలు, పరిష్కారాలు

విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకున్న సెవెన్ తరహా చిన్న స్పోర్ట్స్ కారుకు డిక్కీ తలుపు ఉండదు. సీట్ల వెనుక పైకప్పు లేని ఒక పెట్టె ఉంటుంది, దాని అంచు చుట్టూ టిచ్ బటన్లతో బిగించే గుడ్డ కవరే దానికి మూత. ఈ తరహాకు మూలమైన ‘సెవెన్’ అనే కారును లోటస్ సంస్థ 1957లో ఇంగ్లండులో తెచ్చింది. పూర్తి కారు మీద పడే కొనుగోలు పన్ను విడిభాగాల మీద పడేది కాదు కనుక అక్కడ చాలామంది దానిని సొంత షెడ్డులోనే బిగించుకునేవారు. పన్నుల సంగతి మారిపోయినా ఆ పద్ధతి తెచ్చిన ఇబ్బంది మాత్రం మిగిలింది: ఒకే నమూనా మీద కత్తిరించిన కవరు వస్తుంది గాని, అది కూర్చోవలసిన బాడీ ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క రకంగా తయారవుతుంది. మా మేనల్లుడు బరంపురంలో బిగించుకున్న కారుకు కవరు అమర్చే పని నా మీద పడినప్పుడు ఎదురైన చిక్కులను, వాటి కారణాలను, కుదిరిన మార్గాలను ఇక్కడ రాస్తున్నాను.

చివరి బటన్లు అందడం లేదు

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. పన్నెండు బటన్లలో పది సులువుగా పడతాయి, చివరి రెండు మాత్రం వేలెడు దూరంలో ఆగిపోయి ఎంత లాగినా రావు. ఆ రెండు బటన్లే తప్పు చోట ఉన్నాయని అనుకోవడం సహజం. నేనూ అలాగే అనుకుని, బాడీ మీద కొత్త రంధ్రాలు వేసి వాటిని ఒకటిన్నర సెంటీమీటరు ముందుకు జరిపాను. అది జనవరి నెల. మే వచ్చేసరికి అదే మూల గుడ్డ వదులై జోలెలా వేలాడింది, పాత రంధ్రాలకు మూత పెట్టుకోవడం అదనపు పని అయింది.

అసలు సంగతి పర్లాకిమిడిలో జీపులకు హుడ్లు కుట్టే ఒక పెద్దాయన చూపించారు. ఆయన అందని చివరను చూడనే లేదు, నేను మొట్టమొదట బిగించిన మూల దగ్గరకు వెళ్లి అక్కడి గుడ్డ మీద బొటనవేలు ఆనించారు. బటన్ తల కింద సన్నని ముడతలు మూడు, విసనకర్ర మడతల్లాగా విచ్చుకుని ఉన్నాయి. “ఆ చివరేటి చూస్తారు బాబూ, ఈ మొదలు చూడండి, గుడ్డకి ముడతొచ్చీసింది. ముందు ఎండ తాగించండి, బటను సంగతి తర్వాత” అన్నారు.

కారణాలు సాధారణంగా మూడు ఉంటాయి, అవి తరచు కలిసే వస్తాయి. మొదటిది చలి: రెగ్జిన్ పూత ఉన్న గుడ్డ చల్లని పొద్దున బిరుసెక్కి సాగదు, నూలు కాన్వాసు అయితే వానకు తడిసినప్పుడు దారాలు ఉబ్బి పొడవులో కురచ అవుతుంది. రెండవది వరుస: ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగితే ప్రతి బటన్ దగ్గరా ఒక మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో తేడా పోగవుతుంది, పన్నెండో బటన్ దగ్గర అది సెంటీమీటరు దాటుతుంది. మూడవది బాడీ వంకర. దీనిని తేల్చుకోవడానికి డిక్కీ అంచుకు టేపుతో రెండు ఐమూలలూ కొలవాలి. రెండు కొలతలూ ఒకటే అయితే తప్పు గుడ్డదో వరుసదో అవుతుంది, తేడా ఉంటే బాడీది.

పరిష్కారం కూడా ఆ వరుసలోనే నడవాలి. కవరును గంటసేపు ఎండలో పరచి, చేతికి వెచ్చగా మెత్తగా తగిలినప్పుడు తీసుకోవాలి. మొదట వెనుక అంచు నడిమి బటన్, తర్వాత ముందు అంచు నడిమి బటన్, ఆపైన ఎడమ ఒకటి కుడి ఒకటిగా నడిమి నుంచి బయటకు సాగుతూ, నాలుగు మూలలనూ చివరకు వదిలిపెట్టాలి. మూలలు అప్పటికీ రాకపోతే మిగిలినవన్నీ బిగించి ఒక రాత్రి అలాగే ఉంచి, మర్నాడు ఎండ ఎక్కాక మళ్లీ ప్రయత్నించాలి. మా కవరు రెండో రోజున, మళ్లీ డ్రిల్లు ముట్టుకోకుండానే కూర్చుంది.

ఇంత చేసినా ఐదారు మిల్లీమీటర్లు మిగిలితే, అప్పుడు మాత్రమే ఆ ఒక్క బటన్‌ను బాడీ మీద జరపాలి. కొత్త చోటును కంటి అంచనాతో గుర్తించకూడదు. బాడీ మీద మాస్కింగ్ టేపు అంటించి, గుడ్డకు ఉన్న బటన్ అంచుకు సుద్దముక్క గట్టిగా రాసి, గుడ్డను ముడత పోయేంత మాత్రమే లాగి అక్కడ నొక్కితే టేపు మీద తెల్లని సున్నా పడుతుంది. రంధ్రం ఆ సున్నా నడుమ వేయాలి.

రంధ్రం చుట్టూ నక్షత్రంలా పగుళ్లు

బాడీలో కొంత భాగం అల్యూమినియం రేకు, మడ్‌గార్డుల వంటివి ఫైబర్. పగుళ్లు ఫైబర్ మీదనే వస్తాయి. పైనుండే మెరుపు పూత గాజులా పెళుసుగా ఉంటుంది కనుక, బటన్‌ను బాడీకి పట్టించే స్క్రూ పళ్లు దానిని పక్కకు తోసినప్పుడు చిట్లుతుంది. డ్రిల్లును మొదట వెనక్కి తిప్పుతూ పూతను అరగదీసి, తర్వాత ముందుకు తిప్పి రంధ్రం చేసి, పై అంచును పెద్ద బిట్‌తో కొద్దిగా చెక్కితే స్క్రూ పూతకు తగలకుండా లోపలి ఫైబర్‌ను పట్టుకుంటుంది. ఎనిమిదో నంబరు స్క్రూకు రేకులో 3 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది, ఫైబర్‌లో అర మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి.

ఈ కార్లలో పెట్రోలు ట్యాంకు సాధారణంగా వెనుక భాగంలోనే ఉంటుందని, వెనుక దీపాల వైర్లు ఆ అంచు వెంబడే పోతాయని మరచిపోకూడదు. బిట్‌కు మొన నుంచి ఆరు మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి, రేకు వెనుక చేయి పెట్టి తడిమి చూసుకున్న తర్వాతే డ్రిల్లు ఆన్ చేయాలి.

వేగం అందుకోగానే ముందు వరుస ఊడిపోతోంది

షెడ్డులో గట్టిగా ఉన్న కవరు గోపాల్‌పూర్ రోడ్డు మీద అరవై దాటగానే టపటపమని లేచింది. ఓపెన్ కారులో కవరు మీదుగా పోయే గాలి దానిని పైకి పీలుస్తుంది, సీట్ల వైపు నుంచి దూరిన గాలి కింది నుంచి ఎత్తుతుంది. అందుచేత సీట్ల వెనుక ఉండే ముందు అంచే మొదట లొంగుతుంది. అక్కడ బటన్ల మధ్య దూరం పదిహేను సెంటీమీటర్లు మించితే నడుమ ఒకటి అదనంగా వేయడం మంచిది. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలలను కాపాడే లోహపు కమాను) కాళ్ల కోసం కోసిన చీలికల్లోనూ గాలి దూరుతుంది, వాటికి వెల్క్రో పట్టీ కుట్టాలి.

బటన్ బిగువును విడిగా చూసుకోవాలి. నొక్కినప్పుడు ‘టిచ్’ మన్న శబ్దం స్పష్టంగా రాకపోతే గుడ్డ వైపు ముక్కలోని స్ప్రింగు సాగిపోయిందని అర్థం, దానిని మార్చడమే గాని నొక్కి బాగుచేసే పని పెట్టుకోవద్దు. ముందు మూలలకు లిఫ్ట్ ది డాట్ అనే రకం వాడితే ఇంకా నయం. అది మూడు వైపులా పట్టుకుని, తలమీద చుక్క ఉన్న వైపు ఎత్తితేనే ఊడుతుంది. ఆ చుక్క గుడ్డ అంచు వైపుకే ఉండాలి. తిప్పి బిగిస్తే గాలే దానిని విప్పేస్తుంది.

బటన్ గుడ్డను చించుకుని వచ్చేస్తోంది

దీనికి సగం కారణం మన చేతి అలవాటు. గుడ్డ కొస పట్టుకుని గుంజకూడదు, వేలి గోరు బటన్ కిందికి దూర్చి బటన్‌నే ఎత్తాలి. మిగిలిన సగం పనితనం. అంచును రెండు మడతలు వేసి, లోపల పట్టీ పెట్టి, బటన్ కాడ కంటే కాస్త చిన్న రంధ్రం చేస్తే గుడ్డ కాడను పట్టుకుంటుంది. 24 లైన్ బటన్, అంటే తల సుమారు 15 మిల్లీమీటర్లు ఉండేది, ఈ పనికి సరైనది. దుస్తుల బటన్లు పనికిరావు. సుత్తితో బిగించాక వేళ్లతో తిప్పి చూడాలి: తిరిగితే కాడ విచ్చుకోలేదు, తల నొక్కుకుపోయి ఉంటే దెబ్బ ఎక్కువైంది. అప్పటికే చినిగిన చోట అంతకు రెండింతల వెడల్పున్న మాటు కుట్టి కొత్త బటన్ వేయడం తప్ప దారి లేదు.

బటన్ మొదట్లో తెల్లని పొడి

గోపాల్‌పూర్ సముద్రం మాకు ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. ఉప్పు తేమ తగిలినప్పుడు ఇత్తడి బటన్, అల్యూమినియం రేకు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో తినిపోయేది అల్యూమినియమే. ముందు పెయింటు పొంగుతుంది, తర్వాత పొడి రాలుతుంది, చివరకు రంధ్రం పెద్దదై స్క్రూ వదులవుతుంది. బటన్ విప్పి, పొడి గీకి, ప్రైమర్ పూసి ఆరనిచ్చి, కింద నైలాన్ వాషరు పెట్టి, స్క్రూ పళ్లకు సీలెంట్ రాసి బిగించాలి. రంధ్రం మరీ పెద్దదైతే స్క్రూ మాని అల్యూమినియం రివెట్ వాడుకోవాలి.

నడుమ నీళ్లు నిలుస్తున్నాయి

గుడ్డ వదులు ఎక్కువైతే ఒక వైపు వరుసను ఐదు మిల్లీమీటర్లు బయటికి జరపాలి. వదులు లేకపోయినా నిలుస్తుంటే కింద అడ్డంగా ఒక సన్నని వెదురు బద్దను విల్లులా వంచి పెడితే నీరు జారిపోతుంది. కుట్టు వెంట చెమ్మ దిగితే లోపలి వైపు నుంచి కుట్టు మీద మైనం రుద్ది, ఇస్త్రీపెట్టె దూరంగా పట్టి కరగనివ్వాలి. ఇసుక చేరి బటన్ బిగుసుకుపోయినప్పుడు నూనె వేయకూడదు, అది ఇంకా ఇసుకను పట్టుకుంటుంది. బ్రష్షుతో దులిపి, బాడీ మీది ముక్కకు కొవ్వొత్తి ఒక చుట్టు రాస్తే చాలు.