ప్రదర్శన కళల నిర్వహణ, ప్రొడక్షన్ చదువు: దేనిపై దృష్టి పెట్టాలి

ప్రదర్శన కళల్లో ఈవెంట్ నిర్వహణ, ప్రొడక్షన్ చదవదలచినవారు కోర్సు పేరును కాక పాఠ్యప్రణాళికను చూడాలి. ఏడాదికి ఎన్ని ప్రదర్శనలను విద్యార్థులే స్వయంగా నడుపుతారో, వాటిలో వారి బాధ్యతలు మారుతుంటాయో లేదో ముందే విచారించాలి.

చేరిన తరువాత మొట్టమొదట పట్టు సాధించవలసినది ప్రాంప్ట్ బుక్ (ప్రదర్శనను నడిపే సూచనలన్నీ రాసి ఉంచే ప్రతి) తయారీలో. నాటక ప్రతికి ఎదురుపేజీలో నటుల కదలికలను, లైటింగ్, సౌండ్ క్యూలను (ఏ మార్పు ఎప్పుడు జరగాలో తెలిపే సంకేతాలను) వరుస సంఖ్యలతో పెన్సిల్‌తోనే రాసుకోవాలి, ఎందుకంటే రిహార్సళ్లు ముగిసేదాకా అవి మారుతూనే ఉంటాయి. ప్రదర్శన వేళ స్టేజ్ మేనేజర్ హెడ్‌సెట్‌లో ముందు ‘స్టాండ్‌బై’ అని హెచ్చరించి, సరైన క్షణాన ‘గో’ అంటారు. కనుక ఆ రెండో మాటను హెడ్‌సెట్‌లో మరే సందర్భంలోనూ పలకకూడదు. బ్రిటిష్ రంగస్థల సంప్రదాయంలో, ఇంకా అరగంటే ఉందని నటులకు చెప్పే ‘అరగంట పిలుపు’ తెర లేవడానికి 35 నిమిషాల ముందే వస్తుందన్న సంగతి కొత్తవారిని కంగారుపెడుతుంది.

లైటింగ్ డిజైనర్ కానక్కరలేదు గానీ, లైట్లను నియంత్రించే డీఎంఎక్స్ పద్ధతిలో ఒక యూనివర్స్‌లో (ఒక నియంత్రణ సముదాయంలో) 512 ఛానళ్లు ఉంటాయన్నంత ప్రాథమిక పరిజ్ఞానం లేనివారు అద్దె పరికరాల జాబితాను సరిగా పరిశీలించలేరు.

బడ్జెట్ పాఠం నీరసంగా ఉన్నా దాటవేయవద్దు: రచన హక్కుల రుసుము, బీమా, అనుమతులతో పాటు, ప్రదర్శన ముగిశాక సెట్టు విప్పి తరలించే ఖర్చును కూడా మొదటి ముసాయిదాలోనే చేర్చడం అలవాటు చేసుకోవాలి.