స్పెసిఫికేషన్ ప్యాటర్న్‌లో యాండ్ దగ్గర ఇరుక్కుని, బయటపడ్డాను
"ఈ కస్టమర్‌కి అప్పు మీద సరుకు ఇవ్వొచ్చా" అనే రూల్ మా యాప్‌లో మూడు చోట్ల ఉండేది, ఒకచోట మారిస్తే మిగతా రెండూ పాత లెక్కే చెప్పేవి. అందుకే సీ షార్ప్‌లో స్పెసిఫికేషన్ ప్యాటర్న్ వాడి, అంటే రూల్‌ని విడి షరతులుగా రాసి కావాల్సినచోట కలుపుకునే పద్ధతిలో, ఒక్కో షరతుకీ ఒక్కో స్పెసిఫికేషన్ క్లాస్ పెట్టాను: బకాయి లేదు, లిమిట్ దాటలేదు. (ఒకేచోట వాడే చిన్న షరతుకి ఇప్పటికీ ఇఫ్ఫే రాస్తాను.) మొదట షరతుని మామూలు ఫంక్షన్‌గా రాస్తే డేటాబేస్ టేబుల్ మొత్తం మెమరీలోకి వచ్చేసి పేజీ నత్తనడక నడిచింది, ఎక్స్‌ప్రెషన్‌గా (డేటాబేస్ క్వెరీగా మార్చడానికి వీలైన కోడ్ రూపం) మార్చాకే షరతు ఎస్‌క్యూఎల్ వేర్ క్లాజ్‌లోకి, అంటే క్వెరీలో వరసల్ని వడకట్టే భాగంలోకి దిగింది. తీరా రెండిటినీ యాండ్‌తో కలిపితే ఎర్రర్! రెండు లాంబ్డాల్లోనూ (షరతు రాసిన పేరులేని చిన్న ఫంక్షన్లు) పారామీటర్ పేరు ఒకటే, సి, కానీ లోపల అవి వేర్వేరు పారామీటర్ ఆబ్జెక్టులు. ఎక్స్‌ప్రెషన్ విజిటర్‌తో (ఎక్స్‌ప్రెషన్‌లోని భాగాలన్నీ తిరిగి చూసి మార్చే క్లాస్) రెండోదాని పారామీటర్ తీసేసి మొదటిదాన్నే పెట్టాక క్వెరీ నడిచింది, మూడు స్క్రీన్లూ ఇప్పుడు ఒకే జవాబు చెబుతున్నాయి.