తాత రేడియో, మనవరాలి ఫోను

కడపలో మా ఇంట్లో మామయ్యగారికి రేడియో, మా అమ్మాయికి ఇయర్‌ఫోన్లు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే ముందు రేడియో బాగా పలకాలి. కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్. గరగర వస్తే పైనున్న ఏరియల్ లాగి లాభం లేదు. మీడియం వేవ్‌ను పట్టేది లోపల తీగ చుట్టి ఉండే ఫెర్రైట్ అనే నల్లటి కడ్డీ; అది ఏ దిక్కుకు ఉందన్నదే ముఖ్యం. అందుకే సెట్టునే మెల్లగా పక్కకు తిప్పండి. దగ్గర్లోని ఎల్‌ఈడీ బల్బు, ఫోను ఛార్జరు ఆపండి. రేడియో గొంతు తేటపడగానే మామయ్యగారు కళ్లు మూసుకుంటారు. పిల్లను పిలవాల్సింది అప్పుడే.

తర్వాత పాటలకు వంతులు: ఒకసారి ఆయనది, ఒకసారి ఆమెది. అమ్మాయి తన పాటను స్పీకరులోనే పెట్టాలి. ‘ఇదీ ఒక పాటేనా’ అని ఎవరూ అనకూడదు. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. మొన్న ఆమె పాటలో డప్పు దరువు వినగానే ఆయన వేళ్లు మంచం కోడు మీద ఆడాయి.