ట్రైనింగ్ కరపత్రం చేతికొస్తే ఏం చూడాలి, ఏం అడగాలి

టెన్త్, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే మా వైపు బస్టాండు గోడలన్నీ నిండిపోతాయి. సాలూరు, బొబ్బిలి, గజపతినగరం, ఎక్కడ చూసినా ఒకటే మాట: ‘ఉచిత శిక్షణ, భోజన వసతి, ఉద్యోగం’. ఆ కరపత్రాలు పంచిన మనిషిని నేను. ఆ పనిని మోబిలైజర్ అంటారు. ఊళ్లు తిరగాలి, డ్వాక్రా మీటింగుల్లో కూర్చోవాలి, బ్యాచ్‌కి సరిపడా పిల్లల్ని పోగు చేయాలి. టార్గెట్ ఉంటుంది, దాని టెన్షనూ ఉంటుంది. మీ గుమ్మంలోకి వచ్చిన మోబిలైజర్ అబద్ధమే చెబుతాడని కాదు. మీరు అడగనిది మాత్రం తనంతట తాను చెప్పడు. అడగాలంటే వాళ్లు వాడే మాటలు మీకూ తెలిసుండాలి. ఏ మాట వాడినా దాని వెనక ఒక కాగితం ఉండి తీరాలి. ఆ కాగితం ఏదీ అని అడగడమే మీరు చేయాల్సింది.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఏ పథకం?

‘గవర్నమెంటు స్కీమండీ’ అంటే సరిపోదు, పేరు చెప్పమనండి. మన ఊళ్లలో ఎక్కువగా వినిపించేవి నాలుగు.

ఐటీఐ అందరికీ తెలిసిందే. 1950 నుంచి నడుస్తున్న చదువు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటివి రెండేళ్లు, వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ పని) లాంటివి ఒక ఏడాది. వీటిని కోర్సులనరు, ట్రేడ్‌లంటారు. పీఎంకేవీవై అంటే 2015 జులైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన. ఇందులో షార్ట్ టర్మ్ ట్రైనింగ్ కొద్ది నెలల్లో అయిపోతుంది. డీడీయూజీకేవై పల్లెల్లోని పేద కుటుంబాల పిల్లల కోసం గ్రామీణాభివృద్ధి శాఖ పెట్టింది. 2014లో వచ్చింది. వయసు 15 నుంచి 35, ఆడపిల్లలకూ వికలాంగులకూ 45 దాకా ఉంటుంది. ఎక్కువగా హాస్టల్లో ఉంచి నేర్పుతారు. ఆంధ్రలో దీన్ని సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు చూస్తాయి. సెంటరు నడిపేది వేరే సంస్థ, దాన్ని పీఐఏ అంటారు. నాలుగోది ఆర్‌సెటీ, సొంత వ్యాపారం పెట్టుకునేవాళ్లకు బ్యాంకులు ఇచ్చే శిక్షణ, దాని సంగతి తర్వాత.

టెన్త్ పాసై, రెండేళ్లు ఇంట్లో గడుస్తుందనుకుంటే నా ఓటు ఐటీఐకే. ఆర్నెల్లలో జీతం చేతికి రావాలి, లేకపోతే కుదరదు అనేవాళ్లు డీడీయూజీకేవై సెంటరు చూసుకోవచ్చు. ఇది నా అభిప్రాయం. మీ వీధిలోనే ఇంకో మోబిలైజర్ ఇంకోలా చెబుతాడు.

ఇంకో ముక్క. పీఎంకేవీవైలో, డీడీయూజీకేవైలో పిల్లల దగ్గర ఫీజు తీసుకోవడం ఉండదు. రిజిస్ట్రేషన్ ఫీజనీ, కాషన్ డిపాజిటనీ, యూనిఫాం డబ్బులనీ ఏ పేరు పెట్టి అడిగినా అక్కడే లేచి వచ్చేయండి.

సర్టిఫికెట్ ఎవరిస్తారు?

‘గవర్నమెంట్ రికగ్నైజ్డ్’ అని ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో వేస్తారు. దాన్ని చూసి మురిసిపోకండి. ఐటీఐ అయితే ఎన్‌సీవీటీయా, ఎస్‌సీవీటీయా అని అడగండి. మొదటిది జాతీయ స్థాయిది, రెండోది రాష్ట్రానిది. ఎన్‌సీవీటీ ట్రేడ్‌లో ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే నోటిఫికేషన్లలోనూ పెద్ద ఫ్యాక్టరీల్లోనూ అడిగేది ఎక్కువగా దాన్నే.

ప్రైవేటు ఐటీఐల్లో చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. అఫిలియేషన్, అంటే ఆ ట్రేడ్ నేర్పడానికి ఇచ్చే గుర్తింపు, కాలేజీ మొత్తానికి గంపగుత్తగా ఉండదు. ట్రేడ్‌ను బట్టి, అందులో యూనిట్‌ను బట్టి ఇస్తారు. బోర్డు మీద ఆరు ట్రేడ్‌లు రాసి ఉండొచ్చు, నాలుగింటికే అనుమతి ఉండొచ్చు. మిగతా రెండింట్లో చేరినవాళ్ల గతి పరీక్ష ఫీజు కట్టే రోజు దాకా బయటపడదు. అలాంటి ఒక కాలేజీ గేటు ముందు తండ్రులు గొడవ పడటం కళ్లారా చూశాను. అందుకే అడ్మిషన్ ఫారం నింపే ముందే, ‘మా వాడు చేరే ట్రేడ్‌కి అఫిలియేషన్ ఆర్డరు కాపీ చూపించండి’ అనండి. ఇబ్బంది పడకుండా తీసి చూపిస్తే మంచి కాలేజీయే.

షార్ట్ టర్మ్ కోర్సుల్లో క్యూపీ, ఎన్ఎస్‌క్యూఎఫ్ లెవెల్ అనే మాటలు వస్తాయి. క్యూపీ అంటే క్వాలిఫికేషన్ ప్యాక్. ఆ ఉద్యోగం చేసేవాడికి ఏమేం వచ్చి ఉండాలో రాసిపెట్టిన పత్రం. ఎన్ఎస్‌క్యూఎఫ్ అంటే ఏ కోర్సు ఏ స్థాయిదో చెప్పడానికి 2013 డిసెంబరులో వచ్చిన మెట్ల లెక్క. లెవెల్ 3 కన్నా లెవెల్ 4 వాడికి బాధ్యత ఎక్కువ, సొంతంగా చేయాల్సిన పనీ ఎక్కువ. లెవెల్ అంటే మార్కులు కాదు, ర్యాంకూ కాదు. రెండు కోర్సుల్లో ఏది పెద్దదో తేల్చుకోవడానికి అది చాలు. అంతకుమించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇప్పటికే పని వచ్చినవాళ్లకు, ఆ పనితనానికే సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే దారుంది. తాపీమేస్త్రి, దర్జీ, ప్లంబరు లాంటివాళ్లను మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టరు. కొద్దిరోజులు ఓరియెంటేషన్ ఇచ్చి, బయటినుంచి వచ్చిన అసెసర్ పరీక్ష పెడతాడు. మా దగ్గర ఒకసారి యాభై దాటిన మేస్త్రిని రసమట్టం ఎందుకు వాడతావని అసెసర్ అడిగితే, ఆయన నోరు విప్పలేదు. లేచి వెళ్లి, సెంటరు గోడకి రసమట్టం ఆనించి, గోడ ఎంత వాలిందో వేలితో చూపించాడు. మార్కులు పడ్డాయి. గోడ మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

అప్రెంటిస్, ఓజేటీ, ట్రైనీ

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

ఓజేటీ అంటే ఆన్ ద జాబ్ ట్రైనింగ్. మీ కోర్సులోనే ఒక భాగం. కొన్నాళ్లు హోటల్లోనో షాపులోనో షెడ్డులోనో పని చేయిస్తారు. అప్పటికీ మీరు సెంటరు విద్యార్థే.

అప్రెంటిస్ వేరు. దీనికి 1961 నాటి అప్రెంటిసెస్ యాక్ట్ ఉంది. రైల్వే వాళ్లు ‘యాక్ట్ అప్రెంటిస్’ అనేది అందుకే. కంపెనీకీ మీకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది ప్రభుత్వ పోర్టల్లో నమోదు కావాలి. పిల్లాడు మైనరైతే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఇచ్చే డబ్బు జీతం కాదు, స్టైపెండ్. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండ్ నెలకు 5,000 నుంచి 9,000 వరకు పెట్టారు. టెన్త్ పాసైనవాళ్లకు 6,000, ఐటీఐ వాళ్లకు 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. ఇది కనీసం మాత్రమే, కంపెనీ ఎక్కువ ఇస్తే ఎవరూ వద్దనరు. ఎన్ఏపీఎస్ అనే కేంద్ర అప్రెంటిస్ పథకం కింద నమోదైన చోట స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 దాటకుండా, కేంద్రం భరిస్తుంది. ఇప్పుడు ఆ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాకపోతే ఆ డబ్బు ఆగిపోతుంది. చేరకముందే బ్యాంకుకెళ్లి అది చూసుకోండి.

అప్రెంటిస్ అంటే చట్టం లెక్కలో నేర్చుకునేవాడు, కార్మికుడు కాడు. అందుకే పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలుండవు. పని చేస్తూ దెబ్బ తగిలితే నష్టపరిహారం మాత్రం ఉంది, ఫ్యాక్టరీ భద్రతా నిబంధనలూ వర్తిస్తాయి. గడువు అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ‘ఏడాది అప్రెంటిస్ చేస్తే పర్మినెంట్’ అని ఎవరైనా అంటే ఆ ముక్క ఒప్పందంలో ఎక్కడుందో చూపించమనండి. మధ్యలో వదిలేస్తే పరిహారం కట్టాల్సి వచ్చే షరతు కూడా ఉంటుంది, ఆ పేరా రెండుసార్లు చదవండి.

మరెందుకు చేయడం అంటారా? అప్రెంటిస్ పూర్తిచేసి పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. పొడి అక్షరాల్లో ఎన్ఏసీ. హైదరాబాద్‌లోని న్యాక్, అదే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, దీనికి సంబంధం లేనిది. అక్షరాలు ఒకటే కావడంతో తికమక పడతారు. ఆ సర్టిఫికెట్ విలువ రైల్వేలో తెలుస్తుంది. లెవెల్ 1, అంటే రైల్వేలో అన్నిటికన్నా కింది మెట్టు పోస్టుల్లో 20 శాతం, రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు కేటాయిస్తారు. నోటిఫికేషన్లో ‘కోర్స్ కంప్లీటెడ్ యాక్ట్ అప్రెంటిస్’ అని ఉండేది వీళ్లనే. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ ఎంపికకు రాతపరీక్ష పెట్టదు, టెన్త్ మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి మెరిట్ తీస్తుంది. టెన్త్ మార్కులు ఎందుకులే అనుకునేవాళ్లు ఈ వాక్యం మళ్లీ చదువుకోవచ్చు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్లో మాత్రం రాతపరీక్ష ఉంటుంది. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు ఎన్ఏటీఎస్ అని వేరే అప్రెంటిస్ పథకం ఉంది. మన రెండు రాష్ట్రాలకూ దాని ఆఫీసు చెన్నైలో ఉంది.

ఇక ‘ట్రైనీ’. ఈ మాటకు ఏ రక్షణా లేదు. మా బ్యాచ్‌లో నలుగురిని పొరుగు రాష్ట్రంలో ఒక ఫ్యాక్టరీకి పంపారు. కాంట్రాక్టరు చేతికింద పెట్టి, ట్రైనీ అన్నారు. అప్రెంటిస్ ఒప్పందం లేదు, అలాగని పీఎఫ్ నంబరూ లేదు. షిఫ్టు మాత్రం పన్నెండు గంటలు. ఫోన్‌లో ఏడుస్తుంటే నేనడిగింది ఒక్కటే: ‘మీ దగ్గర ఏ కాగితం ఉందమ్మా?’ గేటు పాసు తప్ప ఏమీ లేదు. కాబట్టి ట్రైనీ అని వినపడితే అప్రెంటిస్ ఒప్పందం నంబరైనా ఇవ్వాలి, లేదా పీఎఫ్ వాళ్లిచ్చే యూఏఎన్ నంబరైనా ఇవ్వాలి. రెండూ లేవంటే బండెక్కకండి.

ప్లేస్‌మెంట్ అంటే ఎంతవరకు?

‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అంటే ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తాం అని మాత్రమే. డీడీయూజీకేవైలో లెక్క కొంచెం గట్టిది. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. చేరిన రోజున లెక్కలో రాదు, మూడు నెలలు పనిచేసినట్టు జీతం ఆధారం ఉంటేనే రాస్తారు. పిల్లాడు ఉద్యోగంలో చేరాక కూడా సెంటరు వాళ్లు పేస్లిప్ పంపమని ప్రాణం తీసేది ఇందుకే. వాళ్లకు ఆ కాగితం ఎంత అవసరమో మీకు అర్థమైతే, మీకు రావాల్సింది అడగడానికి అదే అదను. 2016 మార్గదర్శకాల్లో పోస్ట్ ప్లేస్‌మెంట్ సపోర్ట్ అని నెలకు వెయ్యి రూపాయలు పెట్టారు. సొంత జిల్లాలో ఉద్యోగమైతే రెండు నెలలు, రాష్ట్రంలో అయితే మూడు, బయటి రాష్ట్రమైతే ఆరు. మీ బ్యాచ్‌కి ఎంత మంజూరైందో అడిగి రాసుకోండి.

ముందు బ్యాచ్ వాళ్లలో ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకోండి. సెంటరు ఇచ్చిన నంబర్లు కాదు, వాళ్లు బాగా చెప్పేవాళ్లవే ఇస్తారు. మీ మండలంలోనే ఎవరో ఒకరు వెళ్లొచ్చి ఉంటారు, వాళ్లను పట్టుకోండి. గదికి ఎంతమంది, క్యాంటీన్‌కి ఎంత కోస్తారు, ఆదివారం సెలవుందా అని అడగండి.

జీతం దగ్గర సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు), గ్రాస్ (కోతలకు ముందు జీతం), నెట్ (చేతికొచ్చేది) అని మూడు మాటలున్నాయి. కాగితం మీద లెక్క వేద్దాం. బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకోండి, అదే గ్రాస్ అనుకుందాం. కంపెనీ తన వంతు పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. ఈఎస్‌ఐ 3.25 శాతం, అంటే 390. ఈ రెండూ కలిపి సీటీసీ 13,830 అని చెబుతారు. మీ వంతు పీఎఫ్ ఇంకో 1,440, ఈఎస్‌ఐ 0.75 శాతం కింద 90 పోతే చేతికొచ్చే నెట్ 10,470. ‘పద్నాలుగు వేల ఉద్యోగం’ అని ఊళ్లో చెప్పుకున్న పిల్ల ఫోన్ చేసి మూడున్నర వేలు ఎవరు తిన్నారని అడిగింది. ఎవరూ తినలేదు. పీఎఫ్ ఆ పిల్లదే, ఈఎస్‌ఐ కార్డుంటే ఆస్పత్రి ఖర్చూ తగ్గుతుంది. కానీ హాస్టల్ డబ్బు ఆ 10,470 లోంచే పోవాలి. అందుకే అడగాల్సింది ‘సీటీసీ ఎంత’ అని కాదు, ‘ఒకటో తారీఖున బ్యాంకులో ఎంత పడుతుంది’ అని.

ఉద్యోగం వద్దు, షాపు పెట్టుకుంటా అంటే

ఆర్‌సెటీకి వెళ్లండి. జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడుపుతాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరేలో మొదలైన రుడ్‌సెటీ నమూనా ఇది. మొబైల్ రిపేరు, కుట్టుపని, బ్యూటీపార్లర్, పుట్టగొడుగులు, ఏదైనా ఉచితంగా, భోజనంతో నేర్పుతారు. ఇక్కడ వినిపించే మాట ‘క్రెడిట్ లింకేజ్’. లోన్ దానంతటదే వస్తుందని కాదు. బ్యాంకుకు మీ ప్రాజెక్టు రిపోర్టు పంపించి, మీ తరఫున వెంటపడతారు. కోర్సయ్యాక రెండేళ్లు మీ వ్యాపారం ఎలా ఉందో కనుక్కుంటారు. పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ లోన్ పథకానికి పెడితే పల్లెల్లో జనరల్ వాళ్లకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ లాంటివాళ్లకు 35 శాతం సబ్సిడీ వస్తుంది. మన చేతి డబ్బు జనరల్‌కి 10 శాతం, మిగతావాళ్లకు 5 శాతం ముందే చూపాలి.

సెంటరుకు మొదటిసారి వెళ్లేటప్పుడు ఆధార్, టెన్త్ మెమో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు తీసుకెళ్లండి. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ‘ఒరిజినల్స్ మా దగ్గరే ఉంచండి, కోర్సయ్యాక ఇస్తాం’ అంటే కుదరదని చెప్పండి. మధ్యలో వేరే ఉద్యోగమో కాలేజీ సీటో వస్తే ఆ మెమో కోసం మీరు వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. హాజరు బయోమెట్రిక్‌లోనే పడుతుంది. పండక్కి ఇంటికెళ్లి వారం ఉండిపోతే అసెస్‌మెంట్‌కి కూర్చోనివ్వకపోవచ్చు. సంక్రాంతికి ఎన్ని రోజులు సెలవిస్తారో చేరిన రోజే అడిగేయండి. సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ ఫోన్లో ఫొటో తీసుకుని ఇంట్లో ఇంకొకరికి వాట్సాప్ చేయండి.